ఒకటి రెండు చోట్ల



ఓడలరేవులో వైనతేయ గోదావరి సముద్రమున కలియుచోట, ఇసుకతిన్నె మీద ఒక సాయంకాలము కూర్చుండియుంటిని. ఆవలి ఒడ్డున కరవాక కొబ్బరితోటలు నల్లని గీతవలె కనబడుచుండెను. ఆకాశము తేటగా నుండెను. నా ప్రక్కన వల బాగుచేసికొనుచున్న ఒక జాలరి పెద్ద, చేతిపని ఆపకయే, చిన్న రేడియోలో వాతావరణ సూచన వినుచుండెను. కోస్తా ఆంధ్రలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన వాన పడవచ్చునని చదువుచున్నవారి కంఠము గాలిలో తేలివచ్చినది. పెద్దాయన తలయెత్తి ఆకాశమును ఒకసారి కలయజూచి, "ఒకటి రెండు చోట్లేనంటండి. మనకాడ కాదులెండి" అని మరల వలకండెను చేతబట్టెను.

ఆ మాట నన్ను విడువలేదు. నేడు మీతో ముచ్చటింపదలచినదంతయు ఆ మూడు మాటలను గూర్చియే. ఒకటి, రెండు, చోట్ల.

ఈ మాటను మనము రేడియోలో ఎన్ని వేలసారులు వినియుందుమో లెక్కలేదు. విని విని అది చెవికి అలవాటై, మనసును తాకుట మానివేసినది. కాని వాతావరణ శాఖవారి పరిభాషలో దానికొక కచ్చితమైన కొలత యున్నది. ఒక ప్రాంతమున వానను కొలుచు కేంద్రములు 100 ఉన్నవనుకొనండి. వానిలో 25 కేంద్రములకు మించకుండ వాన పడునని తోచినపుడు "ఒకటి రెండు చోట్ల" అందురు. సగము వరకు పడునని తోచినచో "కొన్ని చోట్ల" అందురు. ముప్పాతిక వరకైనచో "చాలా చోట్ల". అంతకు మించినచో "దాదాపు అన్ని చోట్ల". అనగా ఈ మాట వాన ఎంత మేర పడునో చెప్పుచున్నది. ఎంత గట్టిగా పడునో చెప్పుటలేదు. ఇది నేటి ప్రసంగమునకు ఆయువుపట్టు గనుక మరల చెప్పుచున్నాను: ఎన్ని చోట్ల పడును అనునది వేరు, పడినచోట ఎంత తీవ్రముగా పడును అనునది వేరు. పిడుగు పడునది ఎప్పుడును ఒక్కచోటనే గదా! ఆ చోట నిలిచియున్నవానికి తక్కిన తొంబదితొమ్మిది చోట్ల ఎండ కాచిననేమి, కాయకున్ననేమి?

అట్లైనచో ఆ చోటు పేరు ముందుగనే చెప్పరాదా, ఓడలరేవు అనియో, ఉప్పలగుప్తము అనియో, రాజోలు అనియో పేరుపెట్టి హెచ్చరింపరాదా అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. సమాధానము మేఘము పుట్టుకలోనున్నది.

చైత్రవైశాఖములలో, దాళ్వా చేలు కోతకు వచ్చిన దినములలో, మన కోనసీమలో మధ్యాహ్నవేళ ఎట్లుండునో మీకు చెప్పనక్కరలేదు. ఆకు కదలదు. ఒడలంతయు చెమట. సముద్రము మీదినుండి వచ్చు తేమగాలి ఒక ప్రక్క, పడమటినుండి వచ్చు పొడిగాలి ఒక ప్రక్క. ఈ రెండును కలిసికొన్నచోట, వేడెక్కిన నేల ఆ తేమగాలిని పైకి నెట్టును. అది పొయ్యిమీది పాలవలె పొంగి, గంటసేపటిలో ఎవరెస్టు శిఖరమును మించిన ఎత్తునకు పెరిగి, పన్నెండు, పదునాలుగు కిలోమీటర్ల నల్లని స్తంభమై నిలుచును. ఆ స్తంభము నడుమ గడ్డకట్టిన మంచుపలుకులును, మెత్తని వడగండ్లును ఒకదానినొకటి ఒరసికొనును. ఆ ఒరపిడిలో విద్యుత్తు పుట్టును. మంచుపలుకులు ఒక ఆవేశమును పైకి కొనిపోవును. బరువైన వడగండ్లు రెండవదానిని క్రిందికి దింపును. ఆ రెంటి నడుమను, క్రిందిదానికిని నేలకును నడుమను ఉద్రిక్తత భరింపరానంత పెరిగినపుడు, విద్యుత్తు గాలిని చీల్చుకొని దారి చేసికొనును. అదియే మెరుపు. అది నేలను తాకిన పిడుగు.

ఇట్టి మేఘము ఒక్కొక్కటి పుట్టి, పెరిగి, కురిసి, చెదరిపోవుటకు పట్టుకాలము తరచుగా ఒక గంట. పొంగుటకు గాలి సిద్ధముగా నున్నదని ముందుదినముననే చెప్పవచ్చును. ఏ బుడగ ముందు పైకి వచ్చునో మాత్రము ఆ మేఘము తలయెత్తువరకు తెలియదు. బియ్యపు గిన్నె పొయ్యిమీద నున్నపుడు నీరు కాగునని చెప్పగలము. మొదటి బుడగ ఏ మూలనుండి లేచునో చెప్పగలమా? అందుచేత వాతావరణ శాస్త్రజ్ఞుడు నిజాయితీతో "ఒకటి రెండు చోట్ల" అనుచున్నాడు. అది ఆయన తప్పించుకొనుట కాదు. తెలిసినంతవరకు చెప్పి, తెలియనిదానిని తెలిసినట్లు నటింపకుండుట.

మేఘము తలయెత్తిన తరువాత సంగతి వేరు. మచిలీపట్నములో డాప్లర్ రాడార్ కలదు. ఓడలరేవునకు అది 100 కిలోమీటర్ల లోపుననే యున్నది. మేఘములోని వానచినుకులు ఎచ్చట దట్టముగా నున్నవో, ఏ దిక్కునకు ఎంత వేగముతో పోవుచున్నవో అది చూపును. దానిని చూచి ఇచ్చు సూచనకు మూడు గంటల గడువు. ఆ సూచనలో మండలముల పేర్లు ఉండును. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు దానిని మీ ఫోనులకు పంపుచున్నారు. పూణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థవారు "దామిని" అను యాప్‌ను సిద్ధపరచిరి. మీరున్నచోటికి ఇరువది, నలుబది కిలోమీటర్ల మేరలో పిడుగులు పడుచున్నచో అది హెచ్చరించును. ఇంటిలో చదువుకొనిన పిల్లవాడు ఉన్నచో ఫోనులో దానిని పెట్టించుకొనండి.

ఇచ్చట నేనొక మాట చెప్పవలెను. ప్రతి హెచ్చరికకును ఒక ఆయువు ఉన్నది. తుపాను హెచ్చరికకు రెండు మూడు దినముల ఆయువు. గోదావరి వరద హెచ్చరికకు ఇంచుమించు ఒక పగలును రాత్రియు. మేఘపు హెచ్చరికకు మూడు గంటలు. పిడుగు హెచ్చరికకు క్షణములు. మనము చేయు పొరపాటేమనగా, అన్ని హెచ్చరికలకును ఒకే ఆయువు ఉన్నట్లు వినుచున్నాము. "చూద్దాములే" అను మాట తుపాను విషయమున ఒక పూట చెల్లిన చెల్లవచ్చును. పిడుగు విషయమున ఒక్క నిమిషము కూడ చెల్లదు.

2018వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటలలో 36 వేలకు పైగా పిడుగులు లెక్కకు వచ్చెను. వాని యన్నిటికిని కలిపి ముందుదినపు సూచన ఎట్లుండునో ఊహించండి. ఈ కొన్ని మాటలే. ఉరుములు, మెరుపులతో కూడిన వాన.

మా ఇంట నాయనమ్మ, ఉరుము ఉరిమినపుడెల్ల మమ్ములను నడవలోనికి లాగికొనిపోయి, అర్జునుని పది పేర్లను జపించెడిది. తెలుగునాట ఈ ఆచారము లేని యిల్లు అరుదు. ఇంద్రుని కుమారుని పేరు విన్న వజ్రాయుధము తప్పుకొనునని పెద్దల విశ్వాసము. ఆ విశ్వాసమునకు నేను నమస్కరింతును. దానిలో మరియొక ప్రయోజనము కలదని పెద్దవాడనైన తరువాత గ్రహించితిని. మెరుపు కంటికి వెంటనే కనబడును. ధ్వని కిలోమీటరు దూరము వచ్చుటకు మూడు సెకనులు పట్టును. మెరుపు మెరిసిన క్షణమున పేర్లు మొదలుపెట్టి, పదియు నిదానముగా పూర్తిచేయులోపల ఉరుము వినబడినదా, పిడుగు మూడు, నాలుగు కిలోమీటర్లలోపున పడినదన్నమాట. పేర్లను మూడుసారులు చెప్పినను ఉరుము రాకున్నచో, పది కిలోమీటర్ల ఆవల పడినది. మూడు ఆవృత్తులు పూర్తియగులోపల ఉరుము వినబడినదా, మీరు ప్రమాదపు వలయములో నున్నారు. వెంటనే పక్కా యింటిలోనికి పోవలెను. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట గడచువరకు వెలికి రాకూడదు. ఈ అరగంటను చాలమంది ఓపలేరు. వాన వెలిసినది గదా అని గొడ్డును విప్పుటకో, తడిసిన ధాన్యముపై బరకము కప్పుటకో పోవుదురు. వెళ్లిపోవుచున్న మేఘము తోక నుండియు పిడుగు పడును. వాన వెలియుట వేరు, మేఘము తొలగుట వేరు.

కోనసీమవాసులకు కొబ్బరిచెట్టు కన్నబిడ్డ. కాని ఉరుములవేళ అది మిత్రము కాదు. అంత ఎత్తున, నీరు నిండిన కాండముతో, విడిగా నిలిచిన చెట్టు పిడుగునకు దగ్గరి దారి. పిడుగు పడిన మరునాడు మొవ్వు మాడిపోయిన చెట్లను మీరందరును చూచియేయుందురు. చెట్టు మొదట నిలిచినవాని మీదికి ఆ విద్యుత్తు కాండమునుండి దుముకవచ్చును. లేదా వేళ్లవెంట నేలలో వ్యాపించి పాదములనుండి ఎక్కవచ్చును. చెట్టునకు కట్టివేసిన పశువులు గుంపుగా చనిపోవుటకు కారణమిదియే. నాలుగు కాళ్లు దూరదూరముగా నేలను తాకుటచేత పశువునకు ముప్పు మరింత అధికము. కాబట్టి మబ్బు పట్టినపుడు ముందుగా పశువులను చెట్టునుండి విప్పండి. దింపు కార్మికులు, ఆకాశము తూర్పునగాని పడమటగాని నలుపెక్కినదని చూచినచో, ఆ ఒక్క చెట్టు పూర్తిచేసి దిగుదమనుకొనక, ఉన్నచోటునుండియే దిగవలెను. గెల రేపు ఉండును.

పొలమున చిక్కుకొన్నవారు ఏమి చేయవలెను? పరుగెత్తి చేరదగిన పక్కా కట్టడము గాని, నాలుగువైపుల తలుపులు మూసిన కారు గాని, బస్సు గాని ఉన్నచో దానిలోనికి పోవలెను. పాక, పందిరి, గడ్డివామి రక్షణ కావు. ఏమియు లేనిచో, నీటిలోనుండి గట్టుకు వచ్చి, చెట్లకును తీగెలకును దూరముగా, పాదములు రెండును దగ్గరగా చేర్చి, తల మోకాళ్లలో దాచి గొంతుకూర్చుండవలెను, పండుకొనరాదు. పదిమంది ఉన్నచో ఒకరినొకరు అంటి యుండక చెదరి కూర్చుండవలెను. ఇది కడపటి ఉపాయమేగాని మొదటిది కాదు. పిడుగు తగిలినవానిని ముట్టిన మనకు తగులునను భయముతో పలువురు దూరముగా నిలుచుండిపోవుదురు. శ్రోతలారా, ఆ భయమునకు ఆధారము లేదు. వాని దేహములో విద్యుత్తు నిలిచియుండదు. వెంటనే ముట్టండి. ఊపిరి ఆడనిచో రొమ్ముమీద అదిమి గుండెను కదలించుట తెలిసినవారు చేయండి. 108కి ఫోను చేయండి. ఆ మొదటి నిమిషములలోనే ప్రాణము నిలుచుటయో, పోవుటయో జరుగును.

నీటి మీదనున్నవారికి పిడుగుకంటె ముందు గాలి ముప్పు. మేఘమునుండి దిగిన చల్లగాలి నేలను తాకి నలుదిక్కులకు పరచుకొనును. ఉక్కలో ఉన్నట్టుండి మట్టివాసనతో ఒక చల్లని గాలి మొగమున కొట్టినదా, అది వానకు స్వాగతము కాదు. ఈదురుగాలికి ముందు నడచు బంటు. మొగలో, సముద్రపు అలయు ఏటివాలును ఢీకొనుచోట, పడవ తలక్రిందులగుటకు ఆ గాలి చాలును. అట్టివేళ వల మీది మమకారము విడిచి ఒడ్డు పట్టుటయే మేలు. ఒడ్డు అందనిచో పడవ నడుమ వంగి కూర్చుండండి.

ఇక నీటి మాట. మైదానమున, ఉన్నట్టుండి ఉరికివచ్చు మెరుపువరదయా, అది కొండల క్రింది ఊళ్లకు గదా అని కొందరికి తోచవచ్చును. కోనసీమకు కొండలు లేవు. మన వరద ఉరుకుచు రాదు. నిలుచును. ఒక చిన్న లెక్క చెప్పెదను, ఒకటే లెక్క. ఒక ఎకరము మీద ఒక్క సెంటీమీటరు వాన పడినచో, ఆ నీరు 40 వేల లీటర్లు. వాతావరణ శాఖవారు దినమునకు ఆరున్నర సెంటీమీటర్లు దాటిన దానిని "భారీ వర్షము" అందురు; సుమారు పదకొండున్నర దాటిన "అతిభారీ"; ఇరువది దాటిన "అత్యంత భారీ". ఇరువది సెంటీమీటర్ల వాన పడినచో మీ ఒక్క ఎకరము మీద 8 లక్షల లీటర్ల నీరు. అది పోవలసిన దారి ఏది? పంటబోదె నుండి మురుగుకాలువకు, మురుగుకాలువ నుండి డ్రెయినుకు, డ్రెయిను నుండి సముద్రమునకు.

ఆ కడపటి అడుగులోనే చిక్కు. మన నేల సముద్రమునకు ఎంతో ఎత్తున లేదు. దినమునకు రెండుసారులు పోటు వచ్చును, రెండుసారులు పాటు వచ్చును. పోటువేళ డ్రెయిను నోటివద్ద సముద్రము నిలిచి, "ఇప్పుడు కాదు, ఆగు" అనును. ఆ ఆరు గంటలును పొలములోని నీరు కదలదు. అమావాస్యకును పౌర్ణమికిని పోటు మరింత ఎత్తు. ఆనాడే భారీ వర్షము పడినచో, ఊరిలో కురిసిన నీరు ఊరిలోనే యుండును. మొగలలో ఇసుకమేటలు వేసినచోట్ల పాటువేళ కూడ నీరు సరిగా దిగదు. డ్రెయినుగట్టు కోసి రొయ్యలచెరువు కట్టినచోట, గుర్రపుడెక్క పూడ్చినచోట, ప్లాస్టిక్ సంచులు తూము నోటిని మూసినచోట చెప్పనక్కరలేదు. ఇంకొక విచిత్రమైన దుఃఖము కూడ ఉన్నది. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము డ్రెయినునకు చేరువనున్న కొబ్బరితోటలను చూడండి. నీటిని సముద్రమునకు కొనిపోవలసిన ఆ దారినే పోటువేళ ఉప్పునీరు లోనికి వచ్చి, ఏండ్ల తరబడి వేళ్లకు పట్టి, తలలు రాలిన మోళ్లను మిగిల్చినది. కాలువ ఒకటే. వాననీరు పోవుటకు కట్టినదే సముద్రము వచ్చుటకు వాకిలియైనది.

కాబట్టి "భారీ వర్షము" అని రేడియోలో వినబడినపుడు, ఆనాటి తిథి చూడండి. జాలరులకు తిథి నోటనే యుండును. రైతులును అలవరచుకొనవలెను. తిథియు వానయు కలిసివచ్చినచో ధాన్యపురాశి కల్లములో ఒక్క రాత్రి కూడ ఉండరాదు.

గోదావరి వరద వేరొక తీరు. అది మన ఆకాశమున పుట్టదు. మనకు ఎండ కాయుచుండగనే, మహారాష్ట్రలోను, ఛత్తీస్‌గఢ్‌లోను, తెలంగాణములోను కురిసిన వాన ప్రాణహితగా, ఇంద్రావతిగా వచ్చి భద్రాచలమున చేరి, దాని దిగువన శబరిని కలుపుకొని, అచ్చటినుండి పాపికొండలను దాటి ధవళేశ్వరమునకు దిగును. అచ్చట బ్యారేజీ వద్ద నీటిమట్టము 11.75 అడుగులైనపుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. భద్రాచలపు వార్త విన్న లంకవాసులకు ఇంచుమించు ఒక పగలును రాత్రియు గడువుండును. 1986 ఆగస్టున ధవళేశ్వరము వద్ద వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినది. నాటి వరదను ఎరిగినవారు నేటికిని గట్టు మీద గుర్తు చూపి, "ఇంతవరకు వచ్చిందండి" అందురు. 2022 జులైలో, వరదలకు అలవాటైన ఆగస్టు రాకముందే, 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చెను. నెలను నమ్ముకొని కూర్చుండరాదని అది చెప్పినది.

వరద వచ్చినపుడు ప్రాణములు పోవుచోటు సాధారణముగా ఇల్లు కాదు, దారి. చాకలిపాలెము వద్ద కనకాయలంక కాజ్‌వే, ముక్తేశ్వరము దగ్గరి ఎదురుబిడియము కాజ్‌వే ఏటేట మునుగును. నిన్న నడచినదే, పుట్టినది మొదలు ఎరిగిన దారియే గదా అను ధీమాతో మోటారుసైకిలును నీటిలోనికి దింపుదురు. కాని నీటిక్రింద దారి ఉన్నదో, కోసికొనిపోయినదో పైకి కనబడదు. మోకాలిలోతు నీరు ప్రవహించుచున్నచో కండగల మనుష్యుని కూడ పడవేయును. పాలు పోయవలె, కళాశాలకు పోవలె, పెండ్లికి పోవలె అను తొందర నిజమైనదే, కాదనను. ఆ తొందరలన్నియు పడవ వచ్చువరకు నిలువగలవు.

ఆకాశము, నది, సముద్రము మూడును ఒక్కసారి వచ్చు రాత్రి ఒకటి గలదు. కోనసీమ దానిని 1996 నవంబరు 6వ తేదీన చూచినది.

ఆ తుపాను పెద్దది కాదు. అనగా వైశాల్యమున పెద్దది కాదు. చిన్న సుడి, బిగువైన సుడి. ఒకటి రెండు దినములలోనే బలపడి, ఆ రాత్రి తొమ్మిది గంటలు దాటిన తరువాత, కాకినాడకు దక్షిణముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున తీరము దాటినది. అప్పుడు నేను అమలాపురమునకు దాపున ఒక పెంకుటింటిలో ఉంటిని. గాలి చప్పుడు ఎట్లుండెనని నన్ను అడిగినవారికి నేటికిని నేను సరిగా చెప్పలేను. అది వీచుట కాదు, ఏడ్చుట కాదు. ఆగకుండ ఒకే రాగమున రైలు ఇంటిమీదుగా పోవుచున్నట్లుండెను. పెంకులు ఒక్కొక్కటి కాక వరుసవరుసలుగా లేచిపోయెను. మంచముల క్రింద పిల్లలను దూర్చి, మేము తలుపునకు వీపు ఆనించి నిలుచుంటిమి. వెలుపల కొబ్బరిచెట్లు విరిగిన ధ్వని కూడ గాలిచప్పుడులో వినబడలేదు. తెల్లవారి వాకిట నిలుచుండి చూచినపుడు, నా జీవితమున ఎన్నడును అచ్చటినుండి కనబడని పొరుగూరి గుడిగోపురము కనబడెను. నడుమనుండిన తోటలు లేవు. ఆ గోపురమును చూచి, ఏమి జరిగినదో అర్థమైనది.

వేయిమందికి పైగా మరణించిరి. బలుసుతిప్ప, భైరవపాలెము వంటి జాలరిపల్లెలనుండి పోయినవారిలో ఎందరి జాడయో తెలియనేలేదు. భారతదేశపు లెక్కలో అదియు ఒక ప్రాంతము. తీరపు పటములో అదియు ఒక చోటు. పడినచోట ఎట్లు పడినదో మాత్రము మనమెరుగుదుము.

తుపాను హెచ్చరిక మెట్లుమెట్లుగా వచ్చును. మూడు దినముల ముందు వాయుగుండము మీద కన్నువేసి యుండుమనును. రెండు దినముల ముందు అప్రమత్తత. ఒక దినము ముందు హెచ్చరిక. కడపటి పన్నెండు గంటలలో, తీరము దాటిన తరువాత లోపలి ఊళ్లకు ఏమి జరుగునో కూడ చెప్పుదురు. నా మనవి ఏమనగా, మొదటి మెట్టుననే వేటకు పోకుండుట, రెండవ మెట్టున పత్రములు, మందులు, తాగునీరు సిద్ధపరచుట, మూడవ మెట్టున పెద్దలను, గర్భిణులను, పసిపిల్లలను తుపాను భవనమునకు చేర్చుట. నాలుగవ మెట్టునకు ఏ పనియు మిగుల్చుకొనరాదు. అప్పటికి దారిమీద చెట్లు పడియుండును. ఇంకొకటి. నడిరాత్రి గాలి హఠాత్తుగా ఆగి, నక్షత్రములు కనబడినచో, తుపాను పోయినదని వెలికి రాకండి. సుడి నడుమ నిశ్శబ్దముండును. అది కొంతసేపే. పిమ్మట గాలి ఎదురుదిక్కు నుండి అంతే బలముతో వచ్చును.

గాలికంటె ఎక్కువమందిని చంపునది ఉప్పెన. తుపాను సముద్రమును తన ముందు నెట్టుకొని వచ్చును. లోతులేని మన తీరమున ఆ నీటికి పోవుటకు చోటులేక నేలమీదికి ఎక్కును. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి పైగా ఉప్పెనకు బలియైరి. అంతకు ముందెప్పుడో, 1789లో, గౌతమీ గోదావరికి ఆవలనున్న కోరంగి రేవు మీదికి మూడు మహాతరంగములు వచ్చెను. 1839లో ఆ రేవు మరల దెబ్బతినెను. కలకత్తాలోనుండిన హెన్రీ పిడింగ్టన్ అను ఆయన ఈ తుపానులను అధ్యయనము చేసి, పాము చుట్టను తలపించు గ్రీకు మాటనుండి "సైక్లోన్" అను పేరు కల్పించి, 1848లో నావికుల కొరకు ఒక గ్రంథము వ్రాసెను. నేడు లోకమంతయు పలుకు ఆ మాట వెనుక మన బంగాళాఖాతపు ఓడలును, మన రేవుల మృతులును ఉన్నారు. ఓడలరేవు తన పేరులోనే ఓడలను దాచుకొన్న ఊరు. కోరంగి కథ దానికి పరాయిది కాదు. కోరంగి మడ అడవులను, మన తీరమున మిగిలిన సరుగుడుతోటలను నరకుచున్నవారిని చూచినపుడు నాకు కలుగు బాధ మీకును కలుగవలెనని కోరుచున్నాను. ఉప్పెన ఉద్ధతిని కొంతైన విరుచునవి అవియే.

మరి రంగుల మాట. పసుపు, నారింజ, ఎరుపు అని మీరు వినుచుందురు. ఎరుపన్నచో వాన ఎక్కువ, పసుపన్నచో తక్కువ అని మాత్రమే అనుకొనుట చాలదు. ఆ రంగు ఎవరేమి చేయవలెనో కూడ చెప్పుచున్నది. పసుపు అనగా గమనించుచుండుము. నారింజ అనగా సిద్ధముగా నుండుము. ఎరుపు అనగా కదలుము. ఎరుపు విన్న తరువాత సిద్ధపడుట మొదలుపెట్టినవాడు ఒక మెట్టు వెనుకబడినాడు.

ఓడలరేవు పెద్దాయనకు ఇదంతయు ఒక్కసారి చెప్పలేదు గాని, "ఒకటి రెండు చోట్ల" అన్న మాటకు అర్థము చెప్పితిని. ఆయన వల ఒడిలో పెట్టుకొని శ్రద్ధగా వినెను. "అయితే ఆ చోటు మనది కావచ్చునంటారు" అని అడిగెను. కావచ్చునంటిని. ఆయన ఇక ఏమియు అనక లేచి, ఇసుకమేట మీద ఆడుకొనుచున్న మనుమని కేకవేసి పిలిచెను. తాతయు మనుమడును, ఇంకొక ఇద్దరును కలిసి పడవను గట్టుమీదికి, సరుగుడుచెట్లకు ఎడముగా, ఈడ్చి కట్టిరి. చీకటి పడినది. ఓ.ఎన్.జి.సి. టెర్మినల్ దీపములు ఒక్కొక్కటిగా వెలిగినవి. "రాకపోతే మరీ మంచిదండి" అని ఆయన చేతులు దులుపుకొనెను.

ఆ రాత్రి ఓడలరేవున వాన పడలేదు. నేను అల్లవరము దాటి వచ్చుచుండగా, తూర్పుదిక్కున, ఉప్పలగుప్తము పైననో, ఇంకను ఆవలనో, ఆకాశము ఉండి ఉండి వెలుగుచుండెను. ఉరుము వినబడలేదు. బండి ఆపి, నాయనమ్మ చెప్పిన పేర్లను లెక్కపెట్టితిని. మూడు ఆవృత్తులు పూర్తియైనవి. ఆ వెలుగు క్రింద ఎవరి పొలమున్నదో, ఆ పొలమువారు ఈ వేళ సూచన విన్నారో లేదో అని ఆలోచించుచు బండి మరల కదలించితిని.